అడుగు ఎవరిది, వేషం ఎవరిది?

మందమర్రిలో ఆదివారాలు కూర్చుని చదువుకునే మా చిన్న బృందంలో ఈమధ్య బెల్లీ డాన్స్ మీద పెద్ద వాదమే జరిగింది. కారణం చిన్నది. ఒక గని కార్మికుని ఇంటి పెండ్లి విందుకు పట్నం నుంచి డాన్సు బృందాన్ని పిలిపించారు. అందులో ఒక అమ్మాయి చెమ్కీలు కుట్టిన బాడీ తొడిగి, నాణేలు వేలాడే నడికట్టు బిగించి, పక్కన చీలిక ఉన్న లంగాతో ఏదో అరబ్బీ పాటకు ఆడింది. మరునాటికి ఊరంతా అదే మాట. మా బృందంలో ఒక విద్యార్థి ఇది సామ్రాజ్యవాదం మన మీద రుద్దిన కుళ్ళు సంస్కృతి అని తేల్చివేశాడు. ఒక విద్యార్థిని దానికి ఒప్పుకోలేదు. ఇది 5,000 ఏండ్ల నాటి మాతృదేవత ఆరాధనలో పుట్టిన పవిత్ర నాట్యమని తాను చదివానన్నది. చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి కనుక తీర్పు నన్ను చెప్పమన్నారు.

ఈ రెండు వాదాలూ పైకి శత్రువులు. లోపల మాత్రం రెండింటికీ పొత్తు ఉన్నది. ఒకటి నాట్యాన్ని బురదలోకి తోస్తుంది, మరొకటి గుడిలో కూర్చోబెడుతుంది. ఆడే మనిషి కూలి ఎంత, ఆ బట్ట ఆమెకు ఎవరు తొడిగారు అన్న ప్రశ్న రెండింటికీ తట్టదు. నేను ఈ వ్యాసంలో ఆ ప్రశ్ననే పట్టుకుని నడవదలచుకున్నాను.

ముందు పుట్టుక సంగతి. ప్రాచీన ఈజిప్టు సమాధుల గోడల మీద నర్తకుల బొమ్మలున్న మాట నిజం. కాని ఆ బొమ్మకూ ఈనాటి ఆటకూ మధ్య గొలుసు చూపించగల ఆధారం ఏదీ లేదు. బొమ్మలో నడుము వంగి ఉన్నంత మాత్రాన వంశవృక్షం గీయకూడదు. మనవాళ్ళకూ ఈ జబ్బు ఉన్నది. 1213లో కట్టిన రామప్ప గుడిలోని మదనికల నడుము వంపు చూపించి, ఇవాళ రంగస్థలం మీద ఆడేదంతా నేరుగా కాకతీయుల నుంచి దిగివచ్చిందని చెప్పేవాళ్ళు ఎందరో! గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో రాసిన నృత్తరత్నావళి వాళ్ళకంటె నిజాయితీ గల సాక్షి. అందులో 8 అధ్యాయాలుంటే మొదటి నాలుగు మార్గానికి, చివరి నాలుగు దేశికి కేటాయించాడు. ఒక సేనాని, అదీ సంస్కృతంలో రాస్తూ, ఊళ్ళలో జనం ఆడుకునే ఆటలకు సగం పుస్తకం ఇచ్చాడంటే వాటి బలం ఎంతటిదో ఊహించవచ్చు. ఆ దేశి ఆటల జాబితాలో చిందు అన్న పేరు ఉన్నది. ఇందూరు, కరీంనగరం వైపు పల్లెల్లో దళితులు ఆడే భాగవతానికి నేటికీ అదే పేరు. పేరు ఒకటైనంత మాత్రాన ఆట ఒకటేనని నేను అనను. అడుగుకు శాసనాలుండవు, ఒక ఒంటి నుంచి మరొక ఒంటికి పాకుతూ వస్తుంది.

అరబ్బు దేశాల ఆట కథా అంతే. పెండ్లిండ్లలో, పురుళ్ళలో, ఆడవాళ్ళు ఒకచోట చేరిన ఇండ్లలో పిల్లా పెద్దా ఆడుకునే ఆట అది. నడుమును చక్రంగా తిప్పటం, తుంటిని పైకి కిందికి కొట్టటం, 8 అంకె గీసినట్లు కదపటం, ఒళ్ళు కదలకుండా నడుము ఒక్కటే వణికించటం దాని ప్రాణం. తాళానికి మట్టి కుండ మెడలాంటి డోలు. దానిని ఈజిప్టులో తబ్లా అంటారు. మాట మనకు తెలిసినదే, వాద్యం వేరు. ఆడేది తమ గడపలో కనుక ప్రత్యేకమైన వేషం ఏమీ లేదు. ఉన్న బట్టల మీదనే తుంటి చుట్టూ ఒక శాలువనో గుడ్డనో బిగించి కట్టుకుంటారు. కదలిక కనిపించటానికి అది చాలు. దీనినే రక్స్ బలదీ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఊరి ఆట, నాటు ఆట.

దీనికి పక్కనే డబ్బుకు ఆడేవాళ్ళు రెండు తరగతులుగా ఉండేవాళ్ళు. ఆల్మేలు చదువు, పాట వచ్చిన స్త్రీలు. పెద్ద ఇండ్ల ఆడవాళ్ళ ముందు పాడేవాళ్ళు. ఘవాజీలు వీధిలో అందరి ముందు ఆడేవాళ్ళు. మన దగ్గర మహారాజు ముందు పాడిన కళావంతురాలికీ, జాతరలో ఆడిన జోగినికీ మధ్య ఉన్న దూరం లాంటిది ఇక్కడా ఉన్నది. 1830లలో ఈజిప్టులో ఉండి అక్కడి ఆచారాల మీద పుస్తకం రాసిన ఎడ్వర్డ్ లేన్ ఘవాజీల దుస్తులు వివరించాడు: ఒంటికి అతికిన పొడుగు అంగీ, కింద షరాయి, తుంటికి శాలువ. కడుపు బయటపెట్టే చెమ్కీల బాడీ అందులో ఎక్కడా లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ ఘవాజీలను కైరో నుంచి వెళ్ళగొట్టి ఎస్నా, ఖెనా, అస్వాన్ వంటి దక్షిణాది ఊళ్ళకు పంపించాడు. నీతి పేరున జరిగిన ఈ పని వల్ల ఆట ఆగిపోలేదు. రాజధానిలో నలుగురి మధ్య ఆడి పన్ను కట్టి బ్రతికిన స్త్రీలు నైలు ఒడ్డున పడవ దిగే యూరపు యాత్రికుల కోసం ఎదురుచూసేవాళ్ళయినారు. 1850లో ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేరు ఎస్నాలో కుచుక్ హానెం అనే నర్తకిని చూసినది ఈ వెలివేత పుణ్యమే. అతని రాతలతో ఆమె యూరపులో "తూర్పు స్త్రీ"కి నమూనా అయింది. ఆమె మాట మాత్రం ఒక్కటీ మనకు దక్కలేదు.

పేరు మరీ విచిత్రం. ఫ్రెంచివాళ్ళు దీనికి "కడుపు నాట్యం" అని పేరు పెట్టారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో "కైరో వీధి" అనే కట్టుడు వీధి నిలిపి ఈ ఆట ఆడించారు. ఆ వినోదాల విభాగం నడిపిన సోల్ బ్లూమ్ అనే వ్యాపారి ఫ్రెంచి పేరుతోనే జనాన్ని లాగాడు. అప్పటికి 11 ఏండ్ల కిందటే, 1882లో, బ్రిటిషు సైన్యం ఈజిప్టును ఆక్రమించి ఉన్నది. దేశం ఫిరంగులకు లొంగింది, ఆట టికెట్టుకు లొంగింది. తరువాత అరబ్బీలో కూడా రంగస్థలం మీది ఆటకు రక్స్ షర్కీ, అంటే తూర్పు నాట్యం, అన్న పేరు స్థిరపడింది. మందమర్రిలో ఉన్నవాడు తన ఇంటిని "తూర్పు ఇల్లు" అనడు. పడమట నిలబడి చూసేవాడికే అది తూర్పు.

ఇక వేషం. 1926లో బదియా మసాబ్నీ అనే సిరియా-లెబనాన్ మూలాల స్త్రీ కైరోలో రంగశాల తెరిచింది. చుట్టూ బల్లలు, విదేశీయులు, పాషాలు, పట్నపు ధనికులు. ఇంటి గదిలో నిలుచున్న చోటనే ఆడే ఆట పెద్ద వేదికకు చాలదు. కనుక వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి నడక వచ్చింది, చేతులు పైకి లేచాయి, డోలు పక్కన వయొలిన్లు చేరాయి. తుంటికి కట్టిన శాలువ కూడా దూరపు బల్లకు కనిపించదు. దాని స్థానంలో దీపాల వెలుగుకు మెరిసే బాడీ, నడికట్టు, పలుచని లంగా వచ్చాయి. దీనిని అరబ్బీలో బద్లా అంటారు. "సూటు" అని అర్థం, అంతే. ఈ సూటు ఊహ యూరపు చిత్రకారుల అంతఃపుర చిత్రాలలో, నాటకశాలల్లో, హాలీవుడ్ సినిమాల్లో తిరిగి తిరిగి కైరోకు చేరింది. తూర్పు స్త్రీ ఇట్లా ఉంటుందని పడమర కన్న కలను తూర్పు స్త్రీకే కొలతలు తీసి కుట్టి తొడిగారు! మన విద్యార్థి "సామ్రాజ్యవాదం" అన్న మాటలో నిజం ఉన్నదంటే ఈ కుట్టులో ఉన్నది. తుంటి కదలికలో మాత్రం లేదు. అది ఊరి ఆడవాళ్ళ సొత్తు.

బదియా రంగశాలలో పైకి వచ్చినవాళ్ళే సామియా గమాల్, తహియా కారియోకా. ఈ రెండవ ఆమె పేరులోని కారియోకా బ్రెజిలు మాట. 1933 నాటి హాలీవుడ్ సినిమాతో ప్రచారంలోకి వచ్చిన ఒక ఆట పేరు. ఈజిప్టు ఆటకు నిలువెత్తు నిదర్శనమని జనం మెచ్చిన మనిషి పేరులోనే అట్లాంటిక్ సముద్రం ఉన్నది. స్వచ్ఛమైన మూలాలు వెతికేవాళ్ళకు ఇంతకంటె మంచి జవాబు నాకు దొరకలేదు.

1952లో రాజరికం కూలిన తరువాత వచ్చిన సైనిక ప్రభుత్వం నర్తకులు కడుపు కప్పుకోవాలని నిబంధన పెట్టింది. ఏమయింది? బాడీకీ నడికట్టుకూ మధ్య ఒక వలబట్ట వచ్చింది. కప్పినట్లే ఉంటుంది, కనిపించవలసినది కనిపిస్తూనే ఉంటుంది. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి టాకీసు గుర్తుకొచ్చింది. మొదటి షిఫ్టు దిగిన కార్మికులు గోళ్ళలో బొగ్గు నలుపుతోనే వచ్చి బెంచీల మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళ మధ్య ఇరుక్కుని నేను చూసిన పాత సినిమాల్లో "బగ్దాద్ గజదొంగ" (1968), "ఆలీబాబా 40 దొంగలు" (1970) ఉన్నాయి. తెలుగువాడికి అరబ్బు దేశం మొదట కనిపించింది ఇట్లాంటి జానపద సినిమాల సెట్టింగులలోనే. ఆ తరువాత వచ్చిన క్లబ్బు డాన్సుల్లో జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత వంటివారు కట్టిన దుస్తుల తల్లివేరు కైరో బద్లాలోనే ఉన్నది. సెన్సారు కోసం కడుపు మీద మేనిరంగు బట్ట అతికించేవాళ్ళు. కైరోలో వల, మద్రాసు స్టూడియోలో మేనిరంగు బట్ట. రెండు ప్రభుత్వాలూ నీతిని కాపాడాయి, రెండు చోట్లా టికెట్లు అమ్ముడయ్యాయి. ఏలూరు దగ్గరి ఒక పల్లెలో 1960లో పుట్టిన సిల్క్ స్మిత 1996లో మద్రాసులో మరణించింది. ఆమె పాట ఒకటి ఉంటే తప్ప సినిమా కొననన్న పంపిణీదారుల కథలు పరిశ్రమలో చెప్పుకుంటారు; ఆ లాభంలో ఆమె వాటా ఎంత అన్న కథ ఎవరూ చెప్పరు.

బాణీల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. టర్కీలో ఈ ఆటను నిలబెట్టినవాళ్ళు ప్రధానంగా రోమా జాతి జనం. ఇస్తాంబుల్‌లోని వాళ్ళ పేట సులుకులేను 2008-09 ప్రాంతంలో పట్టణాభివృద్ధి పేరున కూల్చివేశారు. ఈజిప్టులోనే 1959లో మహమూద్ రెదా ఒక బృందం పెట్టి పల్లె ఆటలను రంగస్థలానికి తెచ్చాడు. దక్షిణాది మగవాళ్ళ కర్రసాము నుంచి వచ్చిన కర్ర ఆట ఆడవాళ్ళ చేతిలో మెరిసింది. అమెరికాలో 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన "ట్రైబల్" బాణీ మరొక అడుగు ముందుకు వేసింది. చెమ్కీల బాడీ మీద విసుగెత్తి దానికి బదులు వీపున తాళ్ళు కట్టే చోళీ, ఘేరు లంగా, అద్దాల కుట్టుపని పట్టీలు తీసుకున్నారు. అద్దాలు కుట్టిన రవికతో, గవ్వల అంచులతో మా చుట్టుపక్కల తండాల ముసలమ్మలు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ళు కట్టుకుంటే వెనుకబాటుతనం అని బడిలో పిల్లలు నవ్వుతారు. కాలిఫోర్నియాలో కట్టుకుంటే అది కళ.

ఇప్పుడు మన నేలకు వద్దాం. 1834లో కైరోలో జరిగినది తెలుగుదేశంలో మరొక రూపంలో జరిగింది. వీరేశలింగంగారు భోగం మేళాల మీద చేసిన పోరాటం చిన్నది కాదు. జమీందార్ల, మోతుబరుల ఇండ్లలో మేళం ప్రతిష్ఠకు గుర్తుగా ఉన్న రోజుల్లో ఆయన కలం పట్టాడు. ఆడపిల్లను పసితనంలోనే దేవుడి పేర, నిజానికి భూస్వామి పేర, కట్టిపెట్టే ఆచారం నశించవలసిందే. ఆ కులం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం వంటి స్త్రీలు 1920లలో మద్రాసులో ఆశ్రమాలు పెట్టి ఆ పోరాటాన్ని తమదిగా చేసుకున్నారు. 1947లో మద్రాసు చట్టం అంకితాన్ని నిషేధించింది. అంతవరకు అభ్యుదయమే. కాని ఆంధ్రలో 1956లో ఆ చట్టాన్ని సవరించి పెండ్లిండ్లలో మేళం ఆడటాన్నే నేరం చేశారు. అంకితం మీది నిషేధం దోపిడీ మీద దెబ్బ. ఆట మీది నిషేధం ఆ దోపిడీలో నలిగిన మనిషి చేతిలోని పనిముట్టును గుంజుకోవటం. తరతరాల అభినయం, పదాలు ఉన్న స్త్రీలు తలుపులు మూసుకుని మనుమరాళ్ళకు కూడా నేర్పకుండా దాచుకున్నారు. అదే కాలంలో అవే ముద్రలు పై కులాల ఆడపిల్లలు నేర్చుకుంటే శాస్త్రీయ నృత్యం అయింది. నటరాజ రామకృష్ణ (1923-2011) వంటి కొద్దిమంది ఆ వృద్ధ నర్తకులను వెతికి పట్టుకోకపోతే ఈమాత్రమైనా మిగిలేది కాదు.

తెలంగాణలో ఆ చట్టం నాటికి నిజాం పాలన. ఇక్కడి జోగిని వ్యవస్థ మీద ప్రత్యేక చట్టం 1988 దాకా రాలేదు. ఎందుకింత ఆలస్యం? జోగినులు దాదాపు అందరూ దళిత స్త్రీలు. వాళ్ళ ఆట వల్ల ఏ పెద్దమనిషి సంస్కారానికీ మచ్చ రాలేదు కాబోలు.

రక్షణ పేరున తీసివేయటం అనే ఈ పద్ధతి గని ఊరివాళ్ళకు కొత్త కాదు. ఈ దేశపు బొగ్గుగనుల్లో ఒకప్పుడు ఆడవాళ్ళు మగవాళ్ళతో పాటు భూమి లోపల పనిచేసేవాళ్ళు. 1952 గనుల చట్టం వాళ్ళను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గాని ఆ తలుపు కొంచెం తెరుచుకోలేదు. లోపలి పని ప్రమాదకరమే, సందేహం లేదు. కాని ప్రమాదాన్ని తొలగించటం యజమానికి ఖర్చు, స్త్రీని తొలగించటం ఉచితం. 2005లో మహారాష్ట్రలో డాన్సు బార్లు మూసినప్పుడు ఈ తర్కం నగ్నంగా బయటపడింది. బార్లలో ఆట నేరమన్న ఆ చట్టమే పెద్ద హోటళ్ళకు మినహాయింపు ఇచ్చింది! హైకోర్టు 2006లో, సుప్రీంకోర్టు 2013లో ఆ పక్షపాతాన్ని తప్పుపట్టాయి. ఒకే నడుము, ఒకే కదలిక. స్టార్ హోటల్లో సంస్కృతి, బస్తీ బారులో అశ్లీలం.

ఇందుకు పూర్తిగా వేరైన లోకం మా ఆదిలాబాదు అడవుల్లో ఉన్నది. దీపావళి ముందు రోజుల్లో రాజగోండులు దండారి కట్టి ఊరూరా తిరుగుతారు. గుస్సాడీ వేసేవాడు ఒంటికి బూడిద పూసుకుని, భుజాన తోలు వేసుకుని, నెమలి పింఛాల పెద్ద టోపీ తలకెత్తుకుంటాడు. వెంట స్త్రీ వేషం కట్టిన యువకులు, పోరిక్‌లు, ఉంటారు. వాళ్ళ లంగాలు తిరుగుతుంటే చూసే ఆడవాళ్ళు పగలబడి నవ్వుతారు. ఇక్కడ వేషాన్ని కొలిచి ఇచ్చినది ఊరు, చూసేది ఊరు, అన్నం పెట్టేది ఊరు. ఆ టోపీ పూజించి ఎత్తవలసినది. గుస్సాడీ ఆ దినాల్లో స్నానం కూడా చేయడు. దీపావళి తరువాత కొలబోడితో వేషం దిగిపోతుంది. ఈ ఆటను ఢిల్లీ గణతంత్ర ఉత్సవం దాకా తీసుకుపోయిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ గౌరవం ఆయనకు పూర్తిగా తగినదే. నాకు మింగుడుపడనిది మరొకటి. ఇప్పుడు మంత్రిగారు ఏ నెలలో వచ్చినా దారికి రెండు వైపులా నెమలి టోపీలు నిలబడవలసి వస్తున్నది. పండుగకు ఋతువు ఉంటుంది, స్వాగతానికి ఉండదు. కైరో శాలువ బద్లాగా మారటం ఇట్లాగే మొదలై ఉంటుందని నాకు అనిపిస్తుంది: చూసేవాడు మారాడు, తరువాత బట్ట మారింది.

మన అభ్యుదయ శిబిరం ఈ విషయంలో ఏ వైపు నిలిచింది? 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగవతాన్ని గౌరవించి కొత్త వస్తువు నింపింది. 1970లలో జననాట్యమండలి గొంగడిని, గోచీని వేదిక ఎక్కించింది. పల్లె మగవాడి శరీరం అట్లా మన వేదికల మీద గౌరవం పొందింది. డబ్బుకు ఆడే స్త్రీ శరీరం దగ్గరకు వచ్చేసరికి మనం చాలాసార్లు సంస్కర్తల మాటనే, ఇంకొంచెం కోపంతో, వల్లించాము. కోస్తా జిల్లాల జాతరల్లో ట్రాలీల మీద ఆడే రికార్డింగ్ డాన్సుల గురించి మన తీర్మానాలు చూస్తే అందులో "అశ్లీలత" అన్న మాట ఉంటుంది, "కూలి" అన్న మాట ఉండదు. రాత్రంతా ఆడే అమ్మాయికి బయానా ఎంత, మధ్యవర్తి ఎంత నొక్కుతాడు, గర్భిణి అయితే, కాలు బెణికితే ఆమె గతి ఏమిటి? గని కార్మికునికి గాయమైతే పరిహారం కోసం సమ్మె చేసిన ఊరిలో ఉండి ఈ ప్రశ్న అడగకపోవటం నాకు వింతగా తోస్తుంది. ఆటలో స్త్రీని సరుకుగా చూపించటం లేదా అని అడుగుతారు. ఉన్నది. ఆ పెండ్లి విందు లోనూ ఉన్నది. కాని సరుకు చేసినది కొన్నవాడి చూపు, అమ్మినవాడి లెక్క. బొగ్గు నల్లగా ఉన్నదని తట్ట మోసినవాణ్ణి నిందించము గదా.

తహియా కారియోకా సంగతి సగంలో వదిలాను. ఈమె 1950ల తొలిరోజుల్లో, కొత్త సైనిక ప్రభుత్వం కమ్యూనిస్టులను వేటాడుతున్న కాలంలో, వామపక్ష సంబంధాల కారణంగా జైలుకు పోయింది. 1950లో బడిపిల్లవాడుగా ఆమె ఆట చూసిన ఎడ్వర్డ్ సయీద్, దరిదాపు 40 ఏండ్ల తరువాత కైరోకు పోయి ఆమెను కలిసి, 1990లో ఆమె మీద వ్యాసం రాశాడు. తూర్పును పడమర ఎట్లా ఊహించుకున్నదో ప్రపంచానికి విప్పిచెప్పిన పండితుడు ఒక నర్తకి ముందు శ్రద్ధగా కూర్చున్నాడు. ఆమె 1999లో మరణించింది. ఆమెను జైల్లో పెట్టినవాళ్ళు కనీసం ఆమెకొక రాజకీయం ఉన్నదని గుర్తించారు. మన జాతర ట్రాలీ మీది అమ్మాయికి ఆ గుర్తింపు కూడా లేదు. ఆమె మీద పడేది 294వ సెక్షను, 2024 జూలై నుంచి కొత్త సంహితలో 296. తెల్లవారుజామున పోలీసు జీపు వచ్చినప్పుడు ట్రాలీ మీద దొరికేది ఆమె ఒక్కతే. బయానా ఇచ్చిన పెద్దమనిషి అప్పటికే ఇంటికి పోయి పడుకుని ఉంటాడు.